పార్ట్‌టైమ్ జీతాన్ని ఫీజు లెక్కలో వేయకండి

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, వయసు 53. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, చదువుతోపాటు పని అనుభవమూ వస్తుందని ఇంజినీరింగ్‌కు జపాన్ గానీ సింగపూర్ గానీ వెళ్తానంటోంది. పార్ట్‌టైమ్ జీతంతోనే ఫీజు వెళ్లిపోతుందని కన్సల్టెన్సీవారు అంటున్నారు. 14 లక్షల డిపాజిట్లు, ఒక ఇంటి స్థలం ఉన్నాయి. ధైర్యం చేయవచ్చా?

జవాబు: మీ అమ్మాయి ఆలోచన మంచిదే, కన్సల్టెన్సీవారి లెక్క మాత్రం సరికాదు. చదువుకుంటూ దుకాణంలోనో హోటల్‌లోనో చేసే పని కొంత ఖర్చుకు ఆసరా అవుతుంది గానీ ఇంజినీరుగా అనుభవం కిందికి రాదు. కోర్సులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్ ఆ అనుభవాన్ని ఇస్తుంది గానీ దాని భత్యంతో ఫీజులు తీరవు.

జపాన్‌లో విద్యార్థులు విడిగా అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకు పని చేయవచ్చు. టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 1,226 యెన్‌లు కాబట్టి, 28 గంటలూ చేస్తే నాలుగు వారాలకు సుమారు 1,37,000 యెన్‌లు వస్తాయి. అయితే ల్యాబులూ పరీక్షలూ ఉన్న విద్యార్థిని, అందులోనూ జపనీస్ ఇంకా పట్టుబడని మొదటి ఏడాదిలో, అన్ని గంటలు పని చేయగలదని నేను అనుకోను. సగమే వేసుకోండి, ఆ 68,000 యెన్‌లు అద్దెకూ తిండికీ పోతాయి, చాలకపోవచ్చు కూడా. జాతీయ విశ్వవిద్యాలయాల ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్‌లు, ప్రవేశ రుసుము 2,82,000 యెన్‌లు. టోక్యో విశ్వవిద్యాలయం 2025లో తన ఫీజును 6,42,960కి పెంచింది. ఈ సొమ్ము బయలుదేరేముందే మీ చేతిలో ఉండాలి.

సింగపూర్‌లో గుర్తింపు పొందిన విద్యాసంస్థల విద్యార్థులకు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 16 గంటలే అనుమతి. అక్కడ అసలు చూడవలసింది ప్రభుత్వ ట్యూషన్ గ్రాంటు ఒప్పందం. ఫీజు బాగా తగ్గుతుంది, బదులుగా డిగ్రీ తరువాత మూడేళ్లు సింగపూర్ సంస్థలో పని చేయాలి. అనుభవం కోరుకునే అమ్మాయికి ఇది వరమే, కానీ ఉద్యోగం వెతుక్కునే బాధ్యత ఆమెదే. ఒప్పందం తప్పితే తిరిగి కట్టవలసి వచ్చే మొత్తం పెద్దది కనుక, దీన్ని అప్పుతో సమానంగానే చూడమంటాను. మీకు 54 నిండాక చేరి నాలుగేళ్లు చదివి, మూడేళ్లు పని చేస్తే, ఆ గడువు తీరేది మీరు 61 ఏళ్లకు పదవీ విరమణ చేసే సమయానికే.

అందుకే డిపాజిట్లలో 7 లక్షలకు మించి తీయవద్దు, ఎందుకంటే అవి మీ ఇద్దరి వైద్యానికీ వృద్ధాప్యానికీ ఉన్న ఆధారం. మిగిలినదానికి బ్యాంకు విద్యారుణం తీసుకోండి. 7.5 లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతారు. అందుకు ఆ స్థలం పనికివస్తుంది, అమ్మనక్కరలేదు. రుణం సొమ్ము విదేశానికి పంపినప్పుడు టీసీఎస్ (పంపే సొమ్ముపై బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) ఉండదు. కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో 8 ఏళ్ల వరకు మినహాయింపు ఉంది గానీ అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. చదువుకునే కాలంలో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అమ్మాయి పార్ట్‌టైమ్ డబ్బులో ఏమైనా మిగిలితే ఆ వడ్డీకే కట్టించండి.

ఇంత రుణం భారమనిపిస్తే, ఇక్కడే బీటెక్ చేసి, రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి, తన పొదుపుతో మాస్టర్స్‌కు వెళ్లే దారిని ముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి.