కాలేజీ బ్యాగులోనే కెమెరా సర్దేయొచ్చు

వానల్లో అరకు వెళ్తున్నాను, ఒక కెమెరా బాడీ, రెండు లెన్సులు కాలేజీ బ్యాగులో ఎలా పెట్టాలి అన్నారు కదా బ్రో, దీనికోసం కొత్త కెమెరా బ్యాగేమీ కొనక్కర్లేదు. ప్యాడింగ్ ఉన్న ఇన్సర్ట్ (బ్యాగు లోపల పెట్టుకునే మెత్తటి అరల పెట్టె) విడిగా దొరుకుతుంది, కాకపోతే ముందు బ్యాగు లోపలి కొలతలు తీసుకోండి, లేకపోతే జిప్ పట్టదు. అదీ దండగ అనుకుంటే పాత యోగా మ్యాట్ కోసి అడుగున రెండు పొరలు, చుట్టూ ఒకటి, మధ్యలో అడ్డంగా ముక్కలు పెట్టండి. అడుగు మందంగా ఉండాల్సిందే, బ్యాగు కింద పెట్టినప్పుడు దెబ్బంతా అక్కడే. బరువైన లెన్సు వీపు వైపు ఉంటే భుజాలు లాగవు. రెయిన్ కవర్ ఉన్నా వీపు వైపు నుంచి తడి దిగుతుంది, అందుకే లోపల పెద్ద చెత్త కవర్ (కొత్తదే లెండి!) వేసి మూతి మడిచేయండి. విశాఖ దాకా ఫ్లైట్ అయితే స్పేర్ బ్యాటరీలు చెకిన్‌లో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉంచుకోండి.