పాదాల మంటలున్నవారికి కడుపు ఉబ్బరం కూడా నరాల వల్లే వస్తుందా?

మీ అమ్మగారికి స్మాల్ ఫైబర్ న్యూరోపతీ (సన్న నరాలు దెబ్బతినే జబ్బు) అని తేలింది, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది, ఉబ్బరం, మలబద్ధకం, ఎండోస్కోపీ మాత్రం నార్మల్, రెండిటికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉండవచ్చండి. నాకైతే ఉంది.

నాకు 13 ఏళ్లుగా షుగర్. ముందు అరికాళ్ల మంటలు వచ్చాయి. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. కరెంటు పెట్టి చేసే నరాల పరీక్ష నార్మల్ అన్నారు. దానికి పెద్ద నరాల సంగతే తెలుస్తుంది, సన్నవాటిది తెలియదు. చివరికి చీలమండ పైన 3 మిల్లీమీటర్ల చర్మం తీసి బయాప్సీ చేస్తే బయటపడింది. అలాంటి సన్న నరాలే చెమట, బీపీ, కడుపు, పేగుల కదలికలను కూడా నడిపిస్తాయని అప్పటికి నాకెవరూ చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి బెండకాయ వేపుడుతో అన్నం తిన్నాను. రాత్రి పదిన్నరకి వాంతి అయింది. బెండ గింజలు తిన్నవి తిన్నట్టే ఉన్నాయి. తొమ్మిదిన్నర గంటలు అవి కడుపులోనే ఉన్నాయని తెలిసి భయమేసింది. అప్పటికే రెండుసార్లు ఎండోస్కోపీ అయింది, గ్యాస్ మాత్రలు వాడుతూనే ఉన్నాను. ఎండోస్కోపీలో పుండో అడ్డో ఉంటే కనిపిస్తుంది గానీ, కడుపు ఎంత నెమ్మదిగా ఖాళీ అవుతోందో తేలదు. దానికి గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ స్కాన్ అని వేరే ఉంది, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చేస్తారు. నాకు స్కాన్‌లో కనిపించే మందు కలిపిన ఇడ్లీ పెట్టి, నాలుగు గంటల పాటు మధ్యమధ్యలో ఫొటోలు తీశారు. నాలుగో గంటకి పదోవంతుకి మించి మిగలకూడదట. నాకు మూడోవంతు దాకా మిగిలింది.

మీరు వెంటనే చూడాల్సింది అమ్మగారి మందుల చీటీ. మంటలకి నేను అప్పట్లో వాడిన అమిట్రిప్టిలిన్ పేగులను ఇంకా మందగింపజేస్తుంది. ఆ మాత్ర సంగతి కడుపు డాక్టరుకి నేను చెప్పలేదు, నా మలబద్ధకం సంగతి నరాల డాక్టరు అడగలేదు. ఇద్దరికీ ఒకే చీటీ చూపించాక మెల్లగా తగ్గించి మందు మార్చారు, నెలలోపే చాలా తేడా కనిపించింది. మంటలకే ఇచ్చే ప్రీగాబలిన్‌తో కూడా కొందరికి మలబద్ధకం వస్తుంది. బరువుకీ షుగర్‌కీ వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, అడగండి.

తిండి విషయంలో అందరూ చెప్పే పీచు సలహా నాకు ఎదురు తిరిగింది. ఇసబ్గోల్ వేసుకుంటే కడుపు రాయిలా అయ్యేది. ఇప్పుడు రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెంగా, మెత్తగా తింటాను: జావ, పలుచని పప్పు, బాగా ఉడికిన సొరకాయ. నూనె, వేపుళ్లు తగ్గించాను. తిన్నాక కాసేపు నడుస్తాను, వెంటనే పడుకోను.

ఇన్సులిన్ తీసుకుంటుంటే ఇంకో జాగ్రత్త. మందు పనిచేసే వేళకి అన్నం ఇంకా కడుపులోనే ఉంటే షుగర్ పడిపోతుంది. నాకు ఒకసారి తిన్న గంటకి 58 చూపించింది. ఇన్సులిన్ వేళ మార్చాలేమో డాక్టరుని తప్పక అడగండి.

అలాగని ప్రతిదీ నరాల మీదకు నెట్టేయకండి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, అదీ నరాలను దెబ్బతీస్తుంది, పరీక్ష చేయించండి. కళ్లూ నోరూ ఎండిపోతుంటే షోగ్రెన్స్ (కన్నీటి, లాలాజల గ్రంథుల మీద మన రోగనిరోధక శక్తే దాడి చేసే జబ్బు) గురించి అడగండి. బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా వచ్చినా, రక్తం పడినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అమ్మగారికి షుగర్ ఉందా? మంటలకి ఏ మందు, ఎంత మోతాదులో వాడుతున్నారు? రాయండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.