డాక్టర్ సలహా: చేతులు కట్టేయకండి, ముందు పళ్లు చూపించండి

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. పది పదిహేను మాటలు మించి రావు. రెండు నెలలుగా అరచేత్తో ఎడమ చెంప మీద, చెవి దగ్గర గట్టిగా కొట్టుకుంటున్నాడు. ఒక్కోసారి గోడకు తల బాదుకుంటున్నాడు. పలక తీస్తే చాలు, మొదలుపెడతాడు. పలక పక్కన పెడితే ఆగుతాడు. అర్ధరాత్రి లేచి కూడా కొట్టుకుంటున్నాడు. అప్పడాలంటే ప్రాణం, ఇప్పుడు ముట్టడం లేదు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. చేతులు కట్టేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏదైనా మందు ఉందా డాక్టరుగారూ?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: మందు సంగతి తర్వాత చెబుతానమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే నా దృష్టి ముందు అప్పడాల మీద పడింది. ఇష్టంగా తినే పిల్లవాడు కరకరలాడేవి మానేశాడు. ఒకే వైపు కొట్టుకుంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర లేస్తున్నాడు. ఈ మూడూ కలిపి చూస్తే పంటి నొప్పినో చెవి నొప్పినో అనుమానించాలి. నొప్పి అని నోటితో చెప్పలేని పిల్లలు నొప్పి ఉన్నచోటే కొట్టుకోవడం మేం తరచూ చూస్తుంటాం. ఈ వారంలోనే దంతవైద్యుడికి, చెవి డాక్టరుకు చూపించండి. మలబద్ధకం ఉందా, పడుకున్నప్పుడు పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతున్నాయా అన్నది పిల్లల డాక్టరును అడగండి. తల మీద పదేపదే దెబ్బలు పడితే కంటి లోపలి పొర (రెటీనా) ఊడే ప్రమాదం ఉంది కాబట్టి కళ్లు కూడా పరీక్ష చేయించాలి.

నొప్పి తగ్గితే అంతా తగ్గిపోవచ్చు. కానీ పలక సంగతి ఒకటి మిగిలే ఉంది. మీరు మామూలుగా రాసేశారు గానీ, ఈ సమస్య మీద జరిగిన పరిశోధనలో చాలా భాగం ఆ చిన్న విషయం చుట్టూనే తిరిగింది. 1982లో అమెరికాలోని బాల్టిమోర్‌లో బ్రయన్ ఇవాటా అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తమను తాము గాయపరచుకునే తొమ్మిది మందిని పరిశీలించింది. పదిహేను నిమిషాలు పని చెప్పి చూశారు. మరో పదిహేను నిమిషాలు, కొట్టుకున్నప్పుడల్లా దగ్గరికి వెళ్లి వద్దని బుజ్జగించారు. ఇంకోసారి ఒంటరిగా ఉంచారు, మరోసారి హాయిగా ఆడుకోనిచ్చారు. ఎక్కువ మందిలో కొట్టుకోవడం ఏదో ఒక సందర్భంలోనే పెరిగింది. అయితే ఆ సందర్భం అందరికీ ఒకటి కాదు. పైకి ఒకేలా కనిపించే దెబ్బ వెనక ఒకరికి పని తప్పించుకోవడం, ఒకరికి అమ్మ దగ్గరికి రావడం, ఇంకొకరికి ఎవరితోనూ సంబంధం లేని ఏదో లోపలి అనుభూతి. 1994లో అదే బృందం 152 మంది వివరాలు ప్రకటించింది. అందులో సుమారు 38 శాతం మందికి కొట్టుకుంటే పని తప్పుతోంది.

మీ బాబుకు పలక విషయంలో జరుగుతున్నది అదే కావచ్చు. అందులో అతని మొండితనమూ లేదు, మీ పెంపకం లోపమూ లేదు. వద్దు అని చెప్పే దారి అతనికి అదొక్కటే దొరికింది, అది ప్రతిసారీ పనిచేసింది. పంటి నొప్పితో పలక పట్టమంటే పెద్దవాళ్లం మనమే విసుక్కుంటాం కదా.

అందుకే అతనికి ఇంకో దారి చూపించాలి. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, పని కష్టమైనప్పుడు గొడవ చేసే పిల్లలకు సాయం అడిగే మాట నేర్పారు. అడగగానే సాయం అందేసరికి గొడవ తగ్గింది. మాటలు తక్కువ ఉన్న పిల్లలకు కార్డు చాలు. అట్టముక్క మీద ‘ఆగు’ అని చూపే అరచేతి బొమ్మ గీయండి. పలక తీసిన అర నిమిషంలోనే, అతను ఇంకా కొట్టుకోకముందే, అతని చెయ్యి పట్టి ఆ కార్డు మీ చేతిలో పెట్టించండి. వెంటనే పలక పక్కన పెట్టేయండి. మొదట్లో రోజుకు ఇరవైసార్లు ఇచ్చినా ఫరవాలేదు. అలవాటయ్యాక రెండు అక్షరాలు, తర్వాత నాలుగు రాశాకే కార్డు.

పట్టించుకోకుండా వదిలేస్తే అదే పోతుందని చెప్పేవాళ్లుంటారు. ఇంట్లో ఆ ప్రయోగం చేయకండి. అలా వదిలేసినప్పుడు తగ్గేముందు ఇంకా గట్టిగా కొట్టుకునే అవకాశం ఉంది. తలకు, గోడకు మధ్య దిండు పెట్టండి, మాట్లాడకుండా, కోప్పడకుండా. చేతులు కట్టడం మాత్రం వద్దు. కట్టిన చేతులతో తినడం, ఆడటం, కార్డు ఇవ్వడం ఏదీ కుదరదు. ఇక దిష్టి అంటారా, అత్తగారి తృప్తి కోసం తీయండి, నాకు అభ్యంతరం లేదు. దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం మాత్రం దానికోసం ఆగకూడదు.

ఇప్పుడు మందు. రిస్పెరిడోన్ ఉంది. 2002లో 101 మంది ఆటిజం పిల్లల మీద జరిగిన పరీక్షలో, తీవ్రమైన చిరాకు, తమను తాము కొట్టుకోవడం వంటివి 69 శాతం మందిలో బాగా తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 12 శాతం మందికే. అయితే రిస్పెరిడోన్ వేసుకున్నవాళ్లు ఎనిమిది వారాల్లోనే సగటున 2.7 కిలోల బరువు పెరిగారు, మగత కూడా వచ్చింది. నొప్పి కారణమైతే ఈ మందు పిల్లవాణ్ణి నెమ్మదింపజేస్తుందేమో గానీ పుచ్చుపన్ను అలాగే ఉంటుంది. అందుకే దాన్ని తర్వాతికి ఉంచుతాను. వాడాల్సి వస్తే మానసిక వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి.

దెబ్బ తర్వాత వాంతులు, మత్తుగా పడి ఉండటం, ఫిట్స్, చెవిలోంచి రక్తం, చూపులో తేడా, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.

సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారికోసం జాతీయ సంస్థ ఉంది, ప్రవర్తన సమస్యలు చూసే నిపుణులు అక్కడ దొరుకుతారు. మీ మనసు బాగా అలసిపోయిన రోజున 14416కు ఫోను చేయవచ్చు, టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

ఆ సంస్థకు వెళ్లే ముందు రెండు వారాలు నోటుపుస్తకంలో రాయండి: ఎన్ని గంటలకు కొట్టుకున్నాడు, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు. అప్పుడప్పుడు కంచంలో ఒక అప్పడం ముక్క కూడా పెడుతూ ఉండండి. ఏ రోజు మళ్లీ కొరికాడో ఆ తేదీ కూడా రాసుకోండి.