1582 అక్టోబరు 10న రోమ్‌లో ఏం జరిగింది?

పదేళ్ల పిల్లలు నోరెళ్లబెట్టేలా ప్రపంచ చరిత్రలోంచి ఏదైనా నిజం చెప్పమన్నారు. పాతిక ముక్కలు ఒకేసారి చెప్తే ఒక్కటీ గుర్తుండదు. ఒక్కటే పట్టుకుని, వాళ్ల చేత్తోనే చేయించండి. ముందు పైనున్న ప్రశ్న అడగండి. జవాబు: ఏమీ జరగలేదు, అక్కడ అసలా తేదీయే లేదు.

తెల్లకాగితం మీద ఏడు నిలువు గళ్లు, మూడు వరుసలు గీయించండి. సోమవారంతో మొదలుపెట్టి 1, 2, 3, 4 రాయించి, శుక్రవారం గడిలో 15 వేయమనండి. "తప్పు!" అని అరుస్తారు. తప్పు కాదు. 16, 17తో ఆ వరుస నిండుతుంది, మిగతా రెండు వరుసలు 31తో సరిగ్గా ముగుస్తాయి. రోమ్‌లో, స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో ఆ నెలకి 21 రోజులే.

కారణం చిన్నదే. జూలియస్ సీజర్ పెట్టిన క్యాలెండర్ ఏడాదికి 365 రోజుల 6 గంటలు లెక్కేసింది. అసలు ఏడాది అంతకన్నా సుమారు 11 నిమిషాలు తక్కువ. ఆ తేడా 128 ఏళ్లకి ఒక రోజవుతుంది. క్రీ.శ. 325 ప్రాంతంలో మార్చి 21న పగలూ రాత్రీ సమానమయ్యేవి. 1582 నాటికి అది మార్చి 11కి జరిగిపోయింది. ఈస్టర్ లెక్క దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి పోప్ 13వ గ్రెగరీ పది తేదీలు తీసేయించాడు. భాగహారం వచ్చిన పిల్లలైతే 1582లోంచి 325 తీసేసి 128తో భాగించమనండి. 9.8 వస్తుంది. పది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

"పది రోజులు మాయమయ్యాయి" అని మాత్రం వదిలేయకండి. వాళ్ల ఆయుష్షు తగ్గిందా అని పిల్లలు నిజంగానే బెంగపడతారు. పోయినవి తేదీల అంకెలే. గురువారం పడుకున్నవాళ్లు శుక్రవారమే లేచారు. మన పంచాంగంలో అధిక మాసం కలిపేదీ లెక్క సూర్యుడితో కుదరడానికే అని చెప్తే ఇట్టే అర్థమవుతుంది.

బ్రిటన్ 1752లో మారినప్పుడు "మా 11 రోజులు మాకివ్వండి" అని జనం అల్లర్లు చేశారనే కథ కూడా కనిపిస్తుంది. దానికి గట్టి ఆధారం లేదు, చెప్పకండి.

పెద్ద పిల్లలకి ఇంకో చిక్కు ప్రశ్న: రోమ్‌లో 10 తేదీలు పోతే బ్రిటన్‌లో 11, రష్యాలో 1918లో 13 ఎందుకు పోయాయి? కొత్త లెక్కలో రెండు సున్నాలతో ముగిసే ఏడాది 400తో నిశ్శేషంగా భాగమైతేనే లీపు. పాత లెక్కలో 1700, 1800, 1900 మూడూ లీపులే, కొత్త లెక్కలో కావు. కాబట్టి ఒక్కొక్కదానితో తేడా ఒక్కో రోజు పెరిగింది. అందుకే పాత లెక్కలో అక్టోబరులో జరిగిన రష్యా అక్టోబరు విప్లవం వార్షికోత్సవం కొత్త లెక్కలో నవంబరు 7న వస్తుంది.