అమ్మాయి నానో పరిశోధన అంటోంది, బీఈడీ చేయించాలా?

చీపురుపల్లి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. నానో పదార్థాలు, ఉత్ప్రేరకాల మీద పరిశోధన చేస్తానంటోంది. బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. పరిశోధనతో బతుకుతెరువు దొరుకుతుందా?"

దొరుకుతుందండీ. కానీ ఆలస్యంగా స్థిరపడే దారి. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ సుమారు ఐదేళ్లు. ఇది తెలిసే పంపండి.

అమ్మాయిని అంతగా లాగుతున్నదేమిటో మీరూ చూడాలి. ఉత్ప్రేరకమంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం. భుజం ఒక సెంటీమీటరు ఉండే ఘనం (క్యూబ్) ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లే. దాన్నే నానోమీటరు (మీటరులో వందకోట్లో వంతు) భుజం ఉండే ఘనాలుగా విడగొడితే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు, దాదాపు ఎకరంన్నర! ఘన ఉత్ప్రేరకం పనిచేసేది పైపొర మీదే కాబట్టి చిటికెడు పొడితోనే పెద్ద పని జరుగుతుంది. విశాఖ రిఫైనరీలో ముడిచమురులోని బరువైన భాగాలను చిన్న అణువులుగా విరగ్గొట్టడానికైనా, మందుల తయారీలో హైడ్రోజన్‌ను జోడించడానికైనా ఉత్ప్రేరకాలే ఆధారం. ఉద్యోగాలూ అక్కడే ఉన్నాయి.

మీకు దగ్గర్లోని గరివిడి మాంగనీసు గనులకు పేరుపడింది. మాంగనీసు డయాక్సైడ్ నల్లపొడిని కాలేజీ ల్యాబులో, లెక్చరర్ ఎదుట, పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేయమనండి. బుసబుసా నురగ పొంగుతుంది. తర్వాత వడగట్టి, ఆరబెట్టి తూస్తే పొడి బరువు తగ్గదు, ఎందుకంటే ఇక్కడ అదే ఉత్ప్రేరకం. అదే పనిని పదిసార్లు చేసి, ప్రతిసారీ తూకం రాసుకునే ఓపిక ఆమెకు ఉందా? నేను మార్కుల కంటే దీన్నే ఎక్కువ చూస్తాను. ఉంటే బీఈడీ మాట ఇప్పటికి పక్కన పెట్టండి. లేకపోతే బీఈడీ మంచి దారే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

పేరులో 'నానో' ఉందని ఫీజులు పోసి ఏ కోర్సులోనూ చేర్చవద్దు. పునాది కెమిస్ట్రీయే. మూడో సంవత్సరంలో జామ్ పరీక్ష రాయించండి. దానితో ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి దారి ఉంటుంది. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 ఇస్తారు. అంటే పీహెచ్‌డీ భారం మీ మీద పడదు.

ఈలోగా సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. ఎంపికైతే రెండు నెలలు నిజమైన ల్యాబులో గడుపుతుంది. తిరిగి వచ్చాక ఆమెనే అడగండి, మళ్లీ వెళ్తావా అని.