అమ్మలూ, పంపు కొనే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇది కంప్యూటర్‌ని చల్లబరచడానికి లోపలికి నీళ్ల పైపులు పెడుతుందట, నువ్వే చెప్పు" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎవరితోనో చేయించుకోకుండా నీ చేత్తో బిగించుకుంటున్నావని ఎంత సంతోషంగా ఉందో, అంత గుబులుగానూ ఉంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

మైకు పక్కనే కూర్చుని వాయిస్ రికార్డు చేసేదానివి, చప్పుడు లేని పంపు కావాలంటే అర్థముంది. డీ5 రకం తీసుకో. డీడీసీ అని ఇంకో రకం పంపు ఉంది, అది చిన్నది, నీళ్లని తోసే బలం ఎక్కువ, కానీ సన్నగా కూత పెడుతుంది, అడుగున వేడెక్కుతుంది. డీ5లో స్పీడ్ తగ్గించుకోగలిగే పీడబ్ల్యూఎం మోడల్ అడుగు. ఫుల్‌గా పెడితే నిమిషానికి 4800 చుట్లు తిరుగుతుంది. నీకు 2000, 2500 చాలు. ఆపైన ఎంత తిప్పినా వేడి పెద్దగా తగ్గదు, రొద మాత్రం పెరుగుతుంది.

పంపుని కంప్యూటర్ కేబినెట్ రేకుకి నేరుగా బిగించకు. మధ్యలో మెత్తటి రబ్బరు వెయ్యి, స్క్రూలు మరీ బిర్రుగా తిప్పకు. రాత్రి ఫ్యాన్ ఆపేసి, కేబినెట్ పక్క రేకు మీద వేళ్లు ఆనించి, స్పీడ్ మెల్లగా పెంచుతూ పో. ఎక్కడో ఒకచోట రేకు జుమ్మని వణుకుతుంది. ఆ స్పీడ్ వదిలేసి కొంచెం కిందకో పైకో పెట్టుకో. కొత్తలో గరగరమంటే కంగారు పడకు, గాలి బుడగలు. కేబినెట్‌ని అటూ ఇటూ వంచితే ట్యాంకులోకి వచ్చేస్తాయి.

బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే పొయ్యి. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బ్లాకుకి, నీళ్లని చల్లార్చే అల్యూమినియం రేడియేటర్ జత చెయ్యకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 2003లో నేనూ మీ అమ్మా వారాసిగూడలో ఒక రేకుల గదిలో ఉండేవాళ్లం. తనది డిగ్రీ ఆఖరి సంవత్సరం. నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కంప్యూటర్లు రిపేర్ చేసేవాణ్ణి. ఏప్రిల్ ఎండలకి నా అథ్లాన్ ప్రాసెసర్ కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోయేది. రాణిగంజ్ వెళ్లి ఎయిర్ కూలర్‌లో వేసే పంపు కొన్నా. దాన్ని బకెట్‌లో ముంచి, పైపుని ప్రాసెసర్ మీది రాగి దిమ్మెకి తగిలించా. పనిచేసింది కూడా. కానీ 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే పంపు కదా, రాత్రంతా గుయ్‌మని ఒకటే మోత. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. చెవుల్లో దూది పెట్టుకుని పరీక్షలకి చదువుకునేది. అది చూడలేక పంపు చుట్టూ స్పాంజి చుట్టి, దారం కట్టి, బకెట్ మీద మూత పెట్టా. మూడో రాత్రి చప్పుడు పూర్తిగా పోయింది. సాధించాననుకుని హాయిగా పడుకున్నా.

పోయింది చప్పుడు కాదు, పంపే ఆగిపోయింది. స్పాంజి ముక్కలు రెక్కల్లో ఇరుక్కున్నాయి. లోపల కాయిల్ కాలి కరెంటు నీళ్లలోకి వచ్చింది. పైపుకి క్లిప్ పెట్టలేదు, వేడికి మెత్తబడి జారి కేబినెట్ అంతా తడిసింది. తెల్లవారుజామున నల్లా వచ్చిందని మీ అమ్మ చీకట్లోనే బిందె పట్టుకుని లేచింది. తడి నేల, వట్టి కాళ్లు. కేబినెట్‌కి చెయ్యి తగిలింది. బిందె పడ్డ చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. లైటు వేసి చూస్తే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని, మాట రాకుండా. ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు. చూసుకోవాల్సింది నేను. బిందె ఇప్పటికీ మీ వంటింట్లో ఉంది, అంచు దగ్గర సొట్ట ఉంటుంది చూడు.

నీది 12 వోల్టుల పంపు, నిజమే. అయినా ప్లగ్గులో ఎర్తింగ్ ఉందో లేదో చూశావా? చూడకుండా ఉందని చెప్పకు, నాకు కోపం వస్తుంది. పంపుకి కరెంటు నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచే, అంటే కేబినెట్‌లో కరెంటిచ్చే డబ్బా నుంచే ఇవ్వు, 23 వాట్ల దాకా లాగుతుంది. స్పీడ్ చెప్పే వైరు మాత్రం మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ పిన్నులకి పెట్టి, పంపు ఆగితే హెచ్చరిక వచ్చేలా బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లో పెట్టుకో. ఆ వైరు లేని పంపు ఎంత నిశ్శబ్దంగా ఉన్నా, ఎంత చవకగా వచ్చినా కొనొద్దు తల్లీ. అది ఆగిపోయిన సంగతి నీ చెవికి తెలియదు.

నీళ్లు లేకుండా అయిదు సెకన్లు కూడా తిప్పకు. లోపలి బేరింగ్‌కి ఆ నీళ్లే నూనె.

నీళ్లు నింపే రోజు నేను వస్తా. మిగతా వైర్లన్నీ పీకేసి, ఒక్క పంపునే 24 గంటలు నడిపి, ప్రతి జాయింటు కిందా టిష్యూ పేపర్ పెట్టి చూద్దాం. అప్పటిదాకా దాన్ని ప్లగ్గులో పెట్టకు.

బిందె సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు. నేను మర్చిపోయాననే అనుకుంటోంది.

మీ మామయ్య