మెకానికల్ చదివి క్యాడ్ డేటా మైగ్రేషన్ ఉద్యోగంలో చేరొచ్చా?

మదనపల్లె నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్లబ్బాయి మెకానికల్ బీటెక్ అయిపోయి మారతహళ్లిలో పీజీలో ఉంటూ బెంగళూరంతా ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడట. ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఇంజనీరింగ్ సర్వీసెస్ కంపెనీ క్యాడ్ డేటా మైగ్రేషన్ ఇంజనీర్ (కంప్యూటర్లో గీసిన పార్టుల డిజైన్ ఫైళ్లని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చే పని) అని ఆఫర్ ఇచ్చింది, జీతం ఏడాదికి 3 లక్షల చిల్లర, 2 ఏళ్ల బాండు. ఆయన బావమరిది ఏమో అదంతా ఒక కంప్యూటర్లో ఫైళ్లు తీసి ఇంకో కంప్యూటర్లో పడేసే పని, డేటా ఎంట్రీకి అన్న లాంటిది, దానికంటే ఫుల్ స్టాక్ కోర్సులో, అంటే వెబ్‌సైట్లు, యాప్‌ల కోడింగ్ నేర్పే కోర్సులో చేర్పించు అంటున్నాడట. ఏం చెయ్యమంటారు అని అడిగారు.

సార్, మీ బావమరిది గారి మాట పూర్తిగా తప్పని చెప్పను. ఈ ఫీల్డులో ఆయన చెప్పిన పని కూడా ఉంది, చాలామంది ఫ్రెషర్లు అక్కడే మొదలవుతారు. సాయంత్రం వేల ఫైళ్లున్న ఫోల్డర్ని కన్వర్టర్ టూల్‌కి ఇచ్చి రన్ పెట్టడం, పొద్దున వచ్చి లాగ్ చూసి ఏది పాస్ ఏది ఫెయిల్ అని ఎక్సెల్‌లో ఎక్కించడం. ఈ పనికి మెకానికల్ డిగ్రీ అక్కర్లేదు, నిజం చెప్పాలంటే కొన్నాళ్లు పోతే మనిషి కూడా అక్కర్లేదు. అసలు పనంతా ఆ ఫెయిల్ అయిన ఫైళ్ల దగ్గర ఉంది. ఎందుకు ఫెయిల్ అయ్యాయో చెప్పగలిగినవాడు ఇంజనీరు, మళ్లీ రన్ కొట్టి చూద్దాం అనేవాడు ఆపరేటరు. మీవాడు ఈ ఇద్దరిలో ఎవరవుతాడన్న దాన్ని బట్టే నా సమాధానం.

ముందు ఈ పని ఎందుకు పుడుతుందో చెప్తాను. 2010లో జర్మనీ డైమ్లర్ కంపెనీ, అదే మెర్సిడెస్ వాళ్లు, క్యాటియా అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ వదిలేసి సీమెన్స్ వాళ్ల ఎన్‌ఎక్స్ అనే ఇంకో క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కి మారతామని ప్రకటించింది. అంటే అప్పటిదాకా క్యాటియాలో గీసిన పార్టుల్లో ఇంకా వాడుకలో ఉన్నవన్నీ కొత్త సిస్టమ్‌లో తెరుచుకోవాలి, కొలతలు మారకూడదు. విమానాలైతే ఇంకా పెద్ద తలనొప్పి, ఒక మోడల్ విమానం ముప్పై నలభై ఏళ్లు ఎగురుతుంది, దాన్ని డిజైన్ చేసిన కంప్యూటర్లు సాఫ్ట్‌వేర్లు ఈలోపు రెండు మూడు సార్లు చచ్చి పుడతాయి, అయినా స్పేర్ పార్టు చెయ్యాలంటే ఆ పాత డ్రాయింగే కావాలి.

ఇది సరిగ్గా చెయ్యకపోతే ఏమవుతుందో ఎయిర్‌బస్ ఏ380 విమానం చూపించింది. అప్పట్లో జర్మనీలోని హాంబర్గ్‌లో వాళ్లు క్యాటియా వీ4 వాడుతున్నారు, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో వీ5. పేరు ఒకటే గానీ లోపల రెండూ వేరే సాఫ్ట్‌వేర్లు కిందే లెక్క. ఒక్కో విమానంలో సుమారు 500 కిలోమీటర్ల వైరింగ్ ఉంటుంది, ఒక చోట చేసిన మార్పు రెండో చోట మోడల్లోకి సరిగా రాలేదు, తీరా బిగించబోతే వైర్లు పొడవు చాల్లేదు. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి చేరేసరికి 2007 అక్టోబర్ అయింది, ఆ తర్వాతి డెలివరీలు దాదాపు రెండేళ్లు వెనక్కి పోయాయి. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కారణం అనను, మేనేజ్‌మెంట్ గొడవలు కూడా ఉన్నాయి, కానీ మొదలైంది మాత్రం ఇక్కడే. ఈ కథ మీ బావమరిది గారికి కూడా చెప్పండి.

ఇప్పుడు మీవాడి చేత ఒక పని చేయించండి. ఫ్రీగా దొరికే ఫ్రీక్యాడ్ వేసుకుని రెండు రంధ్రాలున్న ఒక బ్రాకెట్ గీసి, ఐజెస్ ఫార్మాట్లో ఒకటి, స్టెప్ ఫార్మాట్లో ఒకటి (ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపడానికి వాడేవి ఇవి) సేవ్ చేసి, ఆ రెండు ఫైళ్లనీ నోట్‌ప్యాడ్‌లో తెరవమనండి. ఐజెస్ 1980లో అమెరికాలో వచ్చిన ఫార్మాటు. అందులో ప్రతి లైనూ సరిగ్గా 80 అక్షరాలే, ఎందుకంటే అప్పటి పంచ్ కార్డుకి 80 గళ్లు. 73వ గడిలో ఎస్, జీ, డీ, పీ, టీ లలో ఒక అక్షరం ఉంటుంది, ఆ లైను ఫైల్లో ఏ భాగమో అది చెప్తుంది. ఆఖరి వెర్షన్ 1996లో వచ్చింది, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు, అయినా ఇప్పటికీ సప్లయర్లు ఐజెస్ ఫైళ్లే పంపుతుంటారు. స్టెప్ ఫైలు అలా కాదు, మనిషి చదివేలా ఉంటుంది, కార్టీసియన్ పాయింట్ అని రాసి పక్కన మూడు నంబర్లు కనిపిస్తాయి. అది 1994లో వచ్చిన ఐఎస్ఓ 10303 స్టాండర్డు. 2014లో వచ్చిన ఏపీ 242 అనే దాని భాగంలో ఆకారంతో పాటు కొలతలు, అవి ఎంత తేడాగా ఉన్నా ఫర్వాలేదో చెప్పే టాలరెన్సులు కూడా 3డీ మోడల్‌తోనే వెళ్లే ఏర్పాటు ఉంది.

ఇంత చూశాక అన్నీ స్టెప్‌లో పంపేస్తే అయిపోయె కదా అనిపిస్తుంది. అవ్వదు. మామూలుగా ఈ ఫార్మాట్లలో ఆకారం వస్తుంది గానీ ఆ ఆకారం ఎలా తయారైందో రాదు. ముందు ఏ స్కెచ్ గీశారు, దేన్ని కట్ చేశారు, ఏ అంచుని ఎంత గుండ్రం చేశారు (ఫిల్లెట్) అన్న ఫీచర్ హిస్టరీ అంతా పోయి ఒక మూగ దిమ్మ చేతికొస్తుంది, రేపు రంధ్రం సైజు మార్చమంటే మార్చడానికి అక్కడ రంధ్రమనే ఫీచరే ఉండదు. రెండోది సాఫ్ట్‌వేర్ సొంత టాలరెన్సు, అంటే ఎంత దగ్గరుంటే రెండు పాయింట్లు ఒకటే అనుకుంటుందో. క్యాటియా వీ5 మామూలుగా 0.001 మిల్లీమీటర్ కంటే దగ్గరున్న రెండు పాయింట్లు ఒకటే అనుకుంటుంది. ఎన్‌ఎక్స్, సాలిడ్‌వర్క్స్ (ఇదీ ఒక క్యాడ్ సాఫ్ట్‌వేరే) లోపల ఆకారాలు లెక్కగట్టే పారాసాలిడ్ ఇంజను మిల్లీమీటర్‌లో లక్షో వంతు దాకా చూస్తుంది. అంటే ఒకచోట అతుక్కున్న అంచు ఇంకోచోట విడిపోయినట్టు కనిపిస్తుంది, బీటపడిన కుండలాగా, చూడ్డానికి కుండే గానీ నీళ్లు నిలవవు. సిస్టమ్ దాన్ని సాలిడ్ అని ఒప్పుకోదు, మెషినింగ్ ప్రోగ్రాం నడవదు, బలం లెక్కగట్టే ఎనాలిసిస్‌కి పార్టుని చిన్న ముక్కలుగా విడదీసే మెష్ పడదు. టూల్స్ చాలావరకు హీలింగ్ చేసి, అంటే ఆ సందుల్ని పూడ్చి కుట్టేస్తాయి, కానీ ఆ కుట్టడంలో పార్టు మారిపోయిందా లేదా అని వాల్యూము, సర్ఫేస్ ఏరియా, సెంటర్ ఆఫ్ గ్రావిటీ ముందు వెనకా పోల్చి ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఆ మార్పు వల్ల నష్టముందో లేదో తేల్చడానికి ఆ పార్టు ఎక్కడ బిగుస్తుందో, పక్క పార్టుతో ఎంత బిగువుగా కూర్చోవాలో (ఫిట్) తెలియాలి. మెకానికల్ వాడి బలం ఇక్కడే, కంప్యూటర్ సైన్స్ కుర్రాడికి ఆ విషయం తట్టదు.

ఇదే ఫీల్డులో ఇంకో పాయ ఉంది, డ్రాయింగులు కాకుండా పాత లెక్కల ప్రోగ్రాంలని కొత్త మెషిన్లకి మార్చడం. బెంగళూరులో హెచ్‌ఏఎల్, ఎన్‌ఏఎల్, ఇస్రో ఉన్నాయి కదా, వాటి చుట్టూ పెరిగిన ఏరోస్పేస్ రంగంలో ఇది తెలిసినవాడికి విలువుంది. నాస్ట్రాన్ అనే స్ట్రక్చరల్ ఎనాలిసిస్ సాఫ్ట్‌వేర్ 1960లలో నాసా కోసం ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో పుట్టింది, దాని ఇన్‌పుట్ ఫైల్లో ఒక్కో నంబరుకి 8 అక్షరాల జాగా, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. పాత మెషిన్లలో ఇంకో చిక్కు, కొన్ని కంప్యూటర్లు నంబరులో పెద్ద బైట్‌ని ముందు రాస్తాయి, మన ఇంటెల్ మెషిన్లు చిన్న బైట్‌ని ముందు రాస్తాయి. అక్కడ 1 అని రాసిన 32 బిట్ల నంబరుని ఇక్కడ అలాగే చదివితే 16777216 అని వస్తుంది. ఇలాంటిది వెంటనే దొరికిపోతుంది, భయం లేదు. ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్, వ్యాక్స్ లాంటి పాత మెషిన్లు దశాంశ నంబర్లు రాసే పద్ధతులు ఇప్పటి కంప్యూటర్లు వాడే 1985 నాటి ఐట్రిపుల్‌ఈ 754 స్టాండర్డు కంటే వేరు, వాటిని మారిస్తే ఆఖరి అంకెల్లో తేడా వస్తుంది, అది మాత్రం పైకి కనపడదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే పేలిపోయింది, ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టిన కోడ్‌లో 64 బిట్ల నంబరుని 16 బిట్లలో కుక్కబోతే పట్టలేదు, అంతే.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. మారతహళ్లి బ్రిడ్జి నుంచి ఏ సందులో చూసినా ఫుల్ స్టాక్ బోర్డులే, మీరు వచ్చినప్పుడు చూసే ఉంటారు. వాడికి నిజంగా కోడింగ్ ఇష్టమైతే అడ్డు చెప్పను, కానీ బంధువులు చెప్పారని ఇంకో ఆరునెలలు, ఇంకో డెబ్బై ఎనభై వేలు పెట్టి మెకానికల్‌ని మూలన పడేయడం నాకు నచ్చదు. ఈ ఉద్యోగంలోనే కోడింగ్ ఉంది. ఎన్‌ఎక్స్ ఓపెన్ (ఎన్‌ఎక్స్‌ని కోడ్‌తో నడిపే పద్ధతి), క్యాటియా మ్యాక్రోలు, పైథాన్, వీటితో ఫైళ్లని వాటంతటవే చెక్ చేసే స్క్రిప్టులు రాసేవాళ్లు అందరూ వెతికే మనుషులు. దానికి టీమ్‌సెంటర్ లాంటి పీఎల్‌ఎమ్ (కంపెనీ డిజైన్ ఫైళ్లన్నీ ఒకచోట దాచి నడిపే సాఫ్ట్‌వేర్) అనుభవం తోడైతే రెండేళ్ల తర్వాత కంపెనీ మారడం కష్టం కాదు.

అందుకని చేరేముందు ఆ హెచ్‌ఆర్‌ని కాదు, ఇంటర్వ్యూ చేసిన టెక్నికల్ ఆయన్ని అడగమనండి. మొదటి ఏడాది ఫ్రెషర్ చేతికి ఏ పని ఇస్తారు, ఫెయిల్ అయిన మోడల్స్ ఎవరు సరిచేస్తారు, ఆ టీమ్‌లోకి వెళ్లడానికి ఎంత కాలం పడుతుంది, ఏ సిస్టమ్ నుంచి ఏ సిస్టమ్‌కి మారుస్తున్నారు, స్క్రిప్టింగ్ నేర్చుకోనిస్తారా. ఫెయిల్ ఫైళ్లన్నీ క్లయింటే చూసుకుంటాడు, మేం రన్ చేసి ఇస్తాం అంటే మాత్రం వదిలెయ్యండి సార్, 2 ఏళ్ల బాండుతో ఆ పనిలో కూర్చుంటే బయటికొచ్చాక చెప్పుకోడానికి ఏమీ ఉండదు. సమాధానం బాగుంటే జీతం తక్కువని చూడకుండా చేరమనండి. పైన చెప్పిన బ్రాకెట్ పని కూడా ఈ వారంలోనే చేయించండి, రెండు ఫైళ్లనీ మళ్లీ తెరిచి వాల్యూము పోల్చమనండి, అది చేస్తుంటే వాడికి విసుగొచ్చిందా, ఇంకా తవ్వాలనిపించిందా అని మీరే ఫోన్లో అడగండి. నా మాటకంటే ఆ జవాబు ముఖ్యం.

బాండు విషయం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర పెట్టమంటే ఒప్పుకోవద్దు, వెరిఫికేషన్‌కి చూపించి అక్కడే వెనక్కి తీసుకోవాలి. ట్రైనింగ్ ఫీజు, డిపాజిట్ అని ఎదురు డబ్బు అడిగితే ఆ గుమ్మం దిగి వచ్చెయ్యమనండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతుందో లేదో ఆ కాగితంలో రాసుండాలి, నోటిమాట లెక్కలోకి రాదు.